పెరటి పొరుగు

పాఠ్యాంశ ఉద్దేశం

నివాస ప్రాంతాలకు వచ్చే వన్యప్రాణుల బెడదకు మూలకారణాలను విద్యార్థులు గ్రహించడం. భయానికీ, మూఢనమ్మకానికీ లోనుగాక వివేకంతో దానిని ఎదుర్కొనే పద్ధతులను తెలుసుకోవడం.

పాఠ్యభాగ పరిచయం

ఈ పాఠం వ్యాస ప్రక్రియకు చెందినది. నగర శివారులలో వెలసిన కాలనీలలో పాములు, కోతులు, పందికొక్కులు మొదలైనవాటి వలన కలిగే ఇక్కట్లు, వాటికి గల కారణాలు, ప్రత్యుపాయాలు ఇందులో వివరింపబడినవి.

పాఠం

1. పెరడు - నాడు, నేడు

‘పెరటి చెట్టు మందుకు రాదు’ అన్నది తెలుగునాట బహుళ ప్రచారంలో ఉన్న సామెత. చేరువలో ఉన్నదాని విలువను మనిషి గుర్తించడని దీని భావం. ఈ మాట విలువకే కాక ప్రమాదానికి కూడ చెల్లుతుంది. అడవిలోని పులిని గురించి ఎంతో చదివినవాడు సైతం తన పెరటి గోడ పగులులో ఏమున్నదో ఎరుగడు.

పాతకాలపు తెలుగు లోగిలిలో వీధి అరుగు, నట్టిల్లు, వంటిల్లు దాటిన తరువాత పెరడు ఉండేది. అందులో బావి, అంట్లు తోమే చప్టా, నీరు పారేచోట అరటి పిలకలు, కరివేప, మునగ, గోడమీదికి పాకిన బీర, పొట్ల తీగలు ఉండేవి. ఒక మూల గడ్డివాము, మరొక మూల పిడకల గూడు కనిపించేవి. తొండలు, ఉడుతలు, ఎలుకలు, ముంగిసలు, పాములు ఆ పెరటికి కొత్తవి కావు. అయితే ఆ ఇంటివారికి కొన్ని అలవాట్లు ఉండేవి. గడ్డివాములో చేయి పెట్టే ముందు కర్రతో తట్టేవారు. చీకటిపడిన తరువాత దీపం లేకుండ పెరటిలో అడుగు పెట్టేవారు కారు. పిడకలను, కట్టెలను తీసే ముందు కాలితో కదిపి చూసేవారు. ఈ జాగ్రత్తలు పెద్దలనుండి పిన్నలకు సహజంగానే అబ్బేవి.

నేడు పరిస్థితి మారినది. హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల పొడవున సాగే బాహ్యవలయ రహదారికి ఇరువైపులా పొలాలు, చెరువు శిఖం భూములు, రాళ్లగుట్టలు ఇండ్ల స్థలాలుగా మారినవి. హైదరాబాదులో మహావీర్ హరిణ వనస్థలి జాతీయోద్యానం చుట్టూ, విశాఖపట్నంలో కంబాలకొండ అభయారణ్యం అంచున, తిరుపతిలో శేషాచలం కొండల పాదాన జనావాసాలు పెరిగినవి. స్థలం చేతులు మారినంత మాత్రాన అందులోని ప్రాణులు ఖాళీ చేసి పోవు. దస్తావేజులో నాలుగు దిక్కుల సరిహద్దులు ఎంత స్పష్టంగా వ్రాసి ఉన్నా ముంగిస వాటిని చదువదు. కొత్తగా వచ్చిన గృహస్థునికి ఇల్లు ఉన్నది, పెరడు ఉన్నది. పాత పెరటివారి అలవాట్లు మాత్రం లేవు. నేటి బెడదలో సగపాలు ఇక్కడనే పుట్టుచున్నది.

2. బెడద అనగానేమి?

వేరుశనగ చేనిలో మొలచిన వరి మొక్కను రైతు కలుపు అనే అంటాడు. వరి చెడ్డ మొక్క అని అతని అభిప్రాయం కాదు. అది ఉండవలసిన చోట లేదు, అంతే. ప్రాణుల విషయంలో కూడ ఇదే న్యాయం వర్తిస్తుంది. పొలంలో ఎలుకలను తిని రైతుకు మేలు చేసిన జెర్రిపోతు స్నానాల గదిలో కనిపిస్తే కేకలు పుట్టిస్తుంది. అడవిలో పండ్లు తిని గింజలను దూరదూరాలకు చేరవేసే కోతి వంటింటిలో కుండలు దొర్లిస్తే శత్రువవుతుంది. కనుక బెడద అనునది ప్రాణి పుట్టుకలో లేదు. అది చేరిన చోటులో, పెరిగిన సంఖ్యలో ఉన్నది.

ప్రాణి ఒక చోటికి చేరడానికి మూడు కారణాలు ఉంటాయి. అవి ఆహారం, నీరు, ఆశ్రయం. గృహావరణంలో ఈ మూడింటిలో ఏ ఒక్కటి పుష్కలంగా ఉన్నా ఏదో ఒక ప్రాణి దానిని వెదకుకొంటూ వస్తుంది. దానిని చంపినా, పట్టి దూరంగా విడిచినా ఆ చోటు ఖాళీగా ఉండదు. కారణం నిలిచి ఉన్నంతకాలం దాని స్థానంలోకి మరొకటి వచ్చి చేరుతుంది. అద్దె ఇంటిలో ఒకరు ఖాళీ చేస్తే మరొకరు దిగినట్లే ఇది జరుగుతుంది. కావున వచ్చినదానిని ఏమి చేయాలన్న ప్రశ్నకన్న ముందు, అది ఎందుకు వచ్చినదన్న ప్రశ్న వేసుకోవడం వివేకం.

3. పాము

పెరటికి వచ్చే ప్రాణులలో మనిషికి ప్రాణభయం కలిగించేది పాము. ఈ భయం నిరాధారమైనది కాదు. మనదేశంలో 2000 నుండి 2019 వరకు పాముకాటు వలన సుమారు 12 లక్షల మంది, అనగా ఏటా సగటున 58,000 మంది మరణించినట్లు 2020లో ప్రచురితమైన ఒక అధ్యయనం అంచనా వేసినది. ఈ మరణాలలో అధికభాగం గ్రామీణ ప్రాంతాలలో సంభవించినవి. దాదాపు సగం జూన్ నుండి సెప్టెంబరు వరకు గల వానాకాలంలో జరిగినవి. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో తెలంగాణతో కూడిన పూర్వపు ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చినది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలన్న లక్ష్యంతో భారత ప్రభుత్వం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించినది.

మనదేశంలో పాముకాటు మరణాలకు ముఖ్యంగా నాలుగు జాతులు కారణమవుతున్నవి. అవి నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. నాగుపాము పడగ విప్పి బెదిరిస్తుంది. రక్తపింజరి కుక్కరు ఈలవలె గట్టిగా బుస కొడుతుంది. కట్లపాము ఇట్టి హెచ్చరిక ఏదీ చేయదు. అది రాత్రివేళ తిరుగుతుంది. ఇంటిలోనికి చేరి నేలపై నిద్రించేవారిని కాటు వేస్తుంది. ఆ కాటుకు నొప్పి అంతగా తెలియదు. నిద్రలో కాటుపడినవాడు తెల్లవారుజామున కడుపునొప్పితోనో, రెప్పలు వాలిపోవడంతోనో మేల్కొంటాడు. అందుచేత వానాకాలంలో నేలమీద పడుకొనక మంచంమీద పడుకోవడం, దోమతెర అంచులను పరుపు క్రిందికి మడవడం ప్రాణరక్షణ చేసే అలవాట్లు.

పెరటిలో కనిపించే పాములన్నీ విషసర్పాలు కావు. జెర్రిపోతు రెండు మీటర్లకు మించి పెరుగుతుంది, పగటిపూట తిరుగుతుంది, విషం లేనిది. ఆ పొడవును చూచి నాగుపాము అనుకొని దానిని కొట్టి చంపుతారు. పంచతంత్రంలోని ‘అపరీక్షితకారకం’ అను భాగంలో ఒక కథ ఉన్నది. ఉయ్యాలలోని పసిబిడ్డను పామునుండి కాపాడిన ముంగిస నెత్తుటి నోటితో ఎదురుగా వస్తుంది. అదే బిడ్డను చంపినదని తలచి, లోపలికి పోయి చూడకుండానే ఇంటివారు దానిని చంపుతారు. నిజం తెలిసిన తరువాత మిగిలినది పశ్చాత్తాపమే. ఎలుకలను తిని ఇంటికి మేలు చేసే జెర్రిపోతును కర్రతో చావగొట్టేవారు ఈ కథను ప్రతిదినం పునరావృత్తం చేస్తున్నారు. జెర్రిపోతు చచ్చిన పెరటిలో ఎలుకలు పెరుగుతాయి. ఎలుకలు పెరిగిన పెరటికి నాగుపాము వస్తుంది.

పాములను గురించి మన సమాజంలో రెండు విరుద్ధ భావాలు ప్రక్కప్రక్కనే ఉన్నాయి. కార్తిక మాసంలో నాగుల చవితినాడు పుట్టలో పాలు పోస్తారు. మరునాడు పాము ఇంటిలో కనిపిస్తే కొడతారు. ఈ రెండింటిలోనూ పామును పరిశీలించి తెలుసుకోవడం లేదు. పాలు పాముకు ఆహారం కాదు. ‘పాము పగబడుతుంది’ అన్న నమ్మకానికి ఆధారం లేదు. కార్బాలిక్ ఆమ్లం, వెల్లుల్లి చల్లితే పాములు దరిచేరవన్న మాటకు కూడ ఆధారం లేదు. వాటిని నమ్మి చల్లి నిశ్చింతగా నిద్రపోవడం మరింత ప్రమాదకరం.

పాము రాకుండ చేసే పనులు సామాన్యమైనవి. ఇటుకలు, కట్టెలు, విరిగిన పెంకులు గోడకు ఆనించి గుట్టగా పోయకూడదు. గడ్డిని, పొదలను ఎప్పటికప్పుడు కత్తిరించాలి. మురుగు తూములకు జాలీ బిగించాలి. తలుపు క్రింది సందును, గోడ పగుళ్లను మూయాలి. ధాన్యాన్ని, పెంపుడు జంతువుల మేతను మూతగల డబ్బాలలో ఉంచితే ఎలుకలు తగ్గుతాయి. ఎలుకలు తగ్గితే పాము రాక తగ్గుతుంది. రాత్రివేళ పెరటిలోకి వెళ్లేటప్పుడు చెప్పులు తొడుగుకొని, చేతిలో దీపం ఉంచుకోవాలి. మూలకు పెట్టిన బూట్లను దులిపి తొడుగుకోవాలి.

ఇంతచేసినా పాము కనిపిస్తే, దూరంగా నిలిచి, పిల్లలను, పెంపుడు జంతువులను లోపలికి పంపి, అది ఎటు పోతున్నదో గమనించాలి. దానికి దారి ఇస్తే చాలవరకు తానే వెళ్లిపోతుంది. ఇంటిలో చిక్కుపడినచో అటవీశాఖకు గాని, శిక్షణ పొందిన పాముల రక్షకులకు గాని తెలుపాలి. హైదరాబాదులో ‘ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ’ అను స్వచ్ఛంద సంస్థ ఈ సేవ చేస్తున్నది. శిక్షణ లేనివారు సెల్‌ఫోనులో చిత్రించుకొనే ఉత్సాహంతో పామును పట్టబోయి ప్రాణాలు పోగొట్టుకోవడం శోచనీయం.

కాటు పడినపుడు కాలమే ప్రధానం. సర్పదష్టునికి ధైర్యం చెప్పి కదలకుండ ఉంచాలి. ఉంగరాలు, గాజులు, కడియాలు తీసివేయాలి. కాటుపడిన చేతికి లేదా కాలికి బద్ద కట్టి కదలకుండ చేయాలి. గాయాన్ని కోయడం, నోటితో పీల్చడం, త్రాడుతో బిగించి కట్టడం, పసరు పూయడం హాని చేస్తాయి. ఏ పాము కరిచినదో చూపడానికి దానిని పట్టి తేనవసరం లేదు. లక్షణాలను బట్టి వైద్యులు చికిత్స చేయగలరు. వెంటనే 108 వాహనాన్ని పిలిచి ఆసుపత్రికి చేర్చాలి. పై నాలుగు జాతుల విషానికి ఒకే విరుగుడు మందు ఉన్నది. గుర్రాల శరీరంలోకి స్వల్ప మోతాదులలో పాము విషాన్ని ఎక్కించి, వాటి రక్తం నుండి ఈ మందును తయారు చేస్తారు. అందుకు కావలసిన విషాన్ని చాలకాలంగా అందించుచున్నది తమిళనాడులో 1978లో ఏర్పడిన ఇరుళ గిరిజనుల సహకార సంఘం. ఒకనాడు చర్మాలకోసం పాములను వేటాడిన వారి నేర్పు నేడు ప్రాణాలు నిలుపుటకు వినియోగపడుతున్నది. మంత్రగాని ముంగిట గడిచిన ప్రతి గంటా ఈ మందు పనిచేసే అవకాశాన్ని తగ్గిస్తుంది.

4. కోతి

పాము వలన ప్రాణభయం ఉన్నది. కోతి వలన బ్రతుకు తెరువుకే భంగం కలుగుచున్నది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ గ్రామాలలో కోతుల బెడదకు తాళలేక మక్కజొన్న, వేరుశనగ, కూరగాయలు వేయడం మానుకొన్న రైతులు ఉన్నారు. శివారు కాలనీలలో పెరటి జామ, మామిడి, సపోటా యజమానికి దక్కడం లేదు. పెంకుటింటిపై కోతుల గుంపు ఒకసారి పరుగులు తీస్తే వానాకాలమంతా ఇల్లు కారుతుంది.

తెలుగునాట రెండు రకాల కోతులు కనిపిస్తాయి. పొట్టి తోక, ఎర్రని ముఖం గల రీసస్ కోతి ఉత్తరాదిది. తలపై టోపీ పెట్టినట్లు వెండ్రుకల సుడి, పొడవైన తోక గల కోతి దక్షిణాదిది. స్థూలంగా గోదావరి ఈ రెండింటికి ఎల్లగా ఉండేది. రీసస్ కోతి దక్షిణానికి విస్తరిస్తూ టోపీ కోతిని వెనుకకు నెడుతున్నదని పరిశోధకులు గుర్తించారు. నల్లని ముఖం, మరింత పొడవైన తోక గల కొండముచ్చు వీటికన్న వేరు. దానికి ఆకులు ప్రధానాహారం.

కోతులు ఊరికి రావడానికి అడవుల క్షీణత ఒక కారణం. గుట్టలపై పండ్ల చెట్లు పోయినవి. రహదారుల విస్తరణలో నీడనిచ్చే మర్రి, రావి, చింత, నేరేడు చెట్లు కూలినవి. రెండవ కారణం మనిషి స్వయంగా అందించే ఆహారం. ఇది మూతలేని చెత్తకుండీలోనూ, భక్తుని చేతిలోనూ ఉన్నది. మంగళ, శనివారాలలో ఆంజనేయుని పేర కోతులకు అరటిపండ్లు పంచేవారు ఎందరో ఉన్నారు. వారి భక్తిని శంకింపనవసరం లేదు. కాని సులభంగా ఆహారం దొరికినచోట కోతులు నిలిచిపోతాయి. వాటి సంతానం త్వరత్వరగా పెరుగుతుంది. మనిషియెడ భయం నశిస్తుంది. భక్తుడు ఇచ్చిన అరటిపండు అతని పుణ్యంలో చేరవచ్చును. దానివెంట వచ్చిన గుంపు మాత్రం పొరుగువాని పెంకుటింటికి చేరుతుంది. ఒకరి దానానికి మరొకరు మూల్యం చెల్లించవలసి వచ్చినపుడు ఆ దానాన్ని పునరాలోచించడం ధర్మం.

కోతులను తరిమే ప్రయత్నాలు అనేకం జరిగినవి. టపాకాయల శబ్దానికి అవి నాలుగు దినాలలో అలవాటుపడతాయి. ఒక ఊరివారు పట్టించి అడవిలో విడిచిన కోతులు తిరిగి వస్తాయి, లేదా మరొక ఊరిమీద పడతాయి. ఢిల్లీలో కోతులను బెదిరించడానికి కొండముచ్చులను త్రాళ్లు కట్టి త్రిప్పేవారు. కొండముచ్చు రక్షిత ప్రాణి అయినందున 2012లో ఆ పద్ధతిని నిలిపివేశారు. తరువాత కొండముచ్చువలె అరిచే మనుషులను నియమించారు. 2023లో జి-20 సమావేశాల సందర్భంలో కొండముచ్చుల నిలువెత్తు చిత్రపటాలను సైతం నిలిపారు. 2016లో సిమ్లా నగర పరిధిలో కోతులను చీడప్రాణులుగా ప్రకటించి చంపుటకు అనుమతించినా, చంపడానికి ముందుకు వచ్చినవారు బహుస్వల్పం. చట్టం అంగీకరించినా మనసు అంగీకరింపలేదు.

దీర్ఘకాలంలో ఫలితమిచ్చే మార్గాలు రెండు. ఒకటి సంతాన నియంత్రణ. హిమాచల్‌ప్రదేశ్ 2006-07లో కోతులకు శస్త్రచికిత్సలు ఆరంభించినది. తెలంగాణలో నిర్మల్ జిల్లా చించోలి వద్ద 2020 డిసెంబరులో కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రం ప్రారంభమైనది. రెండవది అడవిలో ఆహారాన్ని పెంచడం. 2015లో తెలంగాణలో ఆరంభమైన హరితహారం కార్యక్రమంలో ‘వానలు తిరిగి రావాలి, కోతులు తిరిగి పోవాలి’ అన్న భావం నినాదమైనది. అడవులలో పండ్ల మొక్కలను నాటే ప్రయత్నం కూడ జరిగినది. ఈ రెండు మార్గాలకూ సంవత్సరాల కాలం పడుతుంది. నాటిన నేరేడు నేడే కాయదు కదా!

ఈలోగా గృహస్థుడు చేయగల పనులు ఉన్నాయి. చెత్తబుట్టకు కోతి తీయలేని మూత ఉంచాలి. నీటి ట్యాంకును మూసి బిగించాలి. కిటికీలకు జాలీలు బిగించాలి. పండ్లు పండకముందే కోయడమో, చెట్టుకు వల కప్పడమో చేయాలి. ఇంటికప్పుకు వ్రాలే కొమ్మలను నరకాలి. కోతి ఎదురైనపుడు దాని కండ్లలోకి తేరిపార చూడరాదు; అది కోతి భాషలో కయ్యానికి పిలుపు. పరుగెత్తరాదు, చేతిలో తినుబండారం ఉంచుకోరాదు. కరిచినా, గీరినా గాయాన్ని సబ్బుతో ధారగా పారే నీటిలో 15 నిమిషాలు కడిగి, వెంటనే వైద్యుని చూడాలి. రేబిస్ వ్యాధి లక్షణాలు బయటపడిన తరువాత ప్రాణం దక్కడం అసాధ్యప్రాయం; ముందుగా వేయించుకొనే టీకాయే శరణ్యం.

5. పందికొక్కు, పావురం, తేనెపట్టు

పందికొక్కు ప్రహరీగోడ పునాదులను తొలుస్తుంది. కలుగులలో గింజలను దాస్తుంది. ఎలుకజాతి మూత్రంతో కలుషితమైన నీటి వలన లెప్టోస్పైరోసిస్ అను జ్వరం వస్తుంది. వాటికి పెట్టిన విషం వాటితో ఆగదు. విషం తిన్న ఎలుకను గుడ్లగూబ తిన్నపుడు ఆ పక్షి కూడ ప్రమాదంలో పడుతుంది. ఎలుకలను సహజంగా అదుపుచేసే ప్రాణిని మన చేతులతో మనమే చంపుకొన్నట్లవుతుంది. బోను, మూత, సందుల మూసివేత ఇంటి ఆవరణకు మేలైన మార్గాలు.

అపార్టుమెంట్లలో పావురాలకు గింజలు చల్లడం కోతులకు పండ్లు పంచడం వంటిదే. వాటి రెట్ట నుండి లేచే ధూళి కొందరిలో ఊపిరితిత్తుల వ్యాధికి కారణమవుతుంది. గింజలు చల్లడం మాని, బాల్కనీకి వల కట్టాలి.

తేనెపట్టును చూచి మంట పెట్టడం మిక్కిలి ప్రమాదకరం. రేగిన ఈగలు దారినపోయేవారిని కుడతాయి. ఎత్తైన భవనాలకు పట్టు పెట్టే పెద్ద తేనెటీగలు ఋతువును బట్టి వలస పోయేవి. పట్టు మనుషులు తిరిగే దారికి దూరంగా ఉన్నచో కొంతకాలం ఓర్చుకొంటే అవే విడిచిపోతాయి. దారిలో ఉన్నచో నేర్పరులను పిలిపించాలి.

6. చట్టం

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చినది. 2022లో సవరింపబడి, ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చినది. నాగుపాము, రక్తపింజరి, జెర్రిపోతు, కొండముచ్చు మొదలైనవి ఈ చట్టం రక్షణలో ఉన్నవి. వీటిని చంపడం, పట్టి ఉంచుకోవడం, అమ్మడం నేరాలు. అయితే తన ప్రాణాన్నో, ఇతరుల ప్రాణాన్నో కాపాడుకొనే సద్బుద్ధితో తప్పనిసరియై చంపినచో అది నేరం కాదని ఈ చట్టమే చెబుతున్నది. చట్టం మనిషి ప్రాణాన్ని చిన్నచూపు చూడలేదని, అవసరం లేని హింసను మాత్రమే నిషేధించినదని దీనివలన తెలియుచున్నది.

7. వీధి అంతా ఒక పెరడు

ఒక ఇంటివారు చెత్తకు మూత పెట్టి, ప్రక్క ఇంటివారు ఎంగిలి ఆకులను గోడ అవతల పారవేస్తే ప్రయోజనం లేదు. ఖాళీ స్థలంలో కంప పెరిగితే పాము ఆ స్థలం యజమానిని వెదకుకొంటూ పోదు; ప్రక్క ఇంటికే వస్తుంది. జీవులకు గోడలు లేవు గనుక వీధి అంతా ఒకే పెరడు. కాలనీ సంఘాలు చందాలు వసూలు చేసి కోతులు పట్టేవారిని పిలిపించడానికి చూపే శ్రద్ధలో కొంత చెత్త తొలగింపుపై, ఖాళీ స్థలాల శుభ్రతపై, మురుగు కాలువల మూతలపై చూపితే ఖర్చు తగ్గుతుంది, ఫలితం నిలుస్తుంది.

వన్యప్రాణులపై దయ అనగా వాటిని చేరదీసి తినిపించడం అని కొందరు, మనిషి క్షేమం అనగా వాటిని తుదముట్టించడం అని మరికొందరు భావిస్తారు. పసిపిల్లలు ఆడుకొనే పెరటిలో నాగుపాము తిరుగుతూ ఉంటే చూస్తూ ఊరకుండుట దయ కాదు, అజాగ్రత్త. విషం లేని పామును కొట్టి చంపుట శౌర్యం కాదు, అజ్ఞానం. ప్రాణికి తన చోటు తనకు ఉండేటట్లు, మనిషికి తన చోటు తనకు ఉండేటట్లు మధ్యన ఎడం పాటించడమే రెండు పక్షాలకూ క్షేమకరం.

‘పాము చావకుండ, కర్ర విరగకుండ’ అన్న మాటను పని తేల్చనివానిని ఎత్తిపొడవడానికి వాడుతారు. పెరటి విషయంలో మాత్రం అది మెచ్చుకోలుకు తగిన మాట. పాము చావలేదు, కర్ర విరగలేదు, మనిషికి కాటు పడలేదు. ఈ మూడూ సాధించిన గృహస్థుడు ఇంటిని కాపాడుకొన్నాడు, నేలను పంచుకొన్న పొరుగునూ కాపాడినాడు.

కఠిన పదాలు - అర్థాలు

ప్రత్యుపాయం = విరుగుడు పని, ఎదురు ఉపాయం
లోగిలి = ఇల్లు, ఇంటి ఆవరణం
శిఖం భూమి = చెరువు నీరు నిలిచే మేరలోని భూమి
దస్తావేజు = ఆస్తి హక్కును తెలిపే పత్రం
పుష్కలం = సమృద్ధి
సర్పదష్టుడు = పాముకాటు పడినవాడు
బద్ద = చీల్చిన వెదురు లేదా కర్ర ముక్క
ఎల్ల = హద్దు
కలుగు = ఎలుకలు తవ్వుకొన్న బొరియ
కంప = ముండ్ల పొద
ఎడం = దూరం

వ్యాకరణాంశాలు

సంధులు
గృహావరణం = గృహ + ఆవరణం - సవర్ణదీర్ఘ సంధి
ప్రత్యుపాయం = ప్రతి + ఉపాయం - యణాదేశ సంధి
ఏమున్నది = ఏమి + ఉన్నది - ఇకార సంధి

సమాసాలు
సర్పదష్టుడు = సర్పముచేత దష్టుడు - తృతీయా తత్పురుష సమాసం
పాముకాటు = పాము యొక్క కాటు - షష్ఠీ తత్పురుష సమాసం
నాలుగు దిక్కులు = నాలుగు సంఖ్యగల దిక్కులు - ద్విగు సమాసం

ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. పెరటికి పాములు రాకుండ తీసుకోవలసిన జాగ్రత్తలను, కాటు పడినపుడు చేయవలసిన, చేయరాని పనులను వివరించండి.
2. కోతుల బెడదకు కారణాలను, దాని నివారణకు జరిగిన ప్రయత్నాలను సమీక్షించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు లఘు సమాధానాలు వ్రాయండి.
1. ‘బెడద ప్రాణి పుట్టుకలో లేదు’ అన్న మాటను పాఠం ఆధారంగా సమర్థించండి.
2. పంచతంత్రంలోని ముంగిస కథ ఈ పాఠంలో ఏ విషయాన్ని బలపరుస్తున్నది?
3. పూర్వపు పెరటివారి అలవాట్లు ఎట్టివి?
4. ‘వీధి అంతా ఒకే పెరడు’ అనడంలోని ఆంతర్యమేమి?

III. ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. ప్రాణులు ఒక చోటికి చేరడానికి గల మూడు కారణాలేవి?
2. హెచ్చరిక లేకుండ కాటు వేసే పాము ఏది?
3. ఇరుళ గిరిజనుల సహకార సంఘం ఏ సంవత్సరంలో ఏర్పడినది?
4. తెలంగాణలో కోతుల పునరావాస కేంద్రం ఏ జిల్లాలో ఉన్నది?

IV. సందర్భ సహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. చట్టం అంగీకరించినా మనసు అంగీకరింపలేదు.
2. నాటిన నేరేడు నేడే కాయదు కదా!

V. అభ్యాసం
మీ వీధిలో కనిపించే ప్రాణుల జాబితాను తయారుచేసి, వాటిలో ఒకటి అక్కడికి రావడానికి గల ఆహార, నీటి, ఆశ్రయ కారణాలను పరిశీలించి ఒక పుటకు మించకుండ వ్రాయండి.